ట్రాలీకి జాకీ కొనేటప్పుడు టేపు వెంట తీసుకెళ్లండి

జాకీ కొనడానికి దుకాణం మెట్లెక్కగానే వినిపించే మొదటి మాట "ఎన్ని టన్నులది కావాలి?" అని. పద్నాలుగేళ్లుగా ట్రాక్టరు నడుపుతున్న నేను కూడా మొన్నమొన్నటి దాకా ఆ ప్రశ్నకే జవాబు చెబుతూ వచ్చాను. పది టన్నుల జాకీ ఉంది కదా, ఇంకేం భయం అనుకునేవాణ్ని. ఆ పది టన్నుల జాకీయే 2022 డిసెంబరులో ఒక రాత్రి నా మేనల్లుడి చేతికి ముప్పు తెచ్చింది. ఆ తర్వాత నేను కొన్న జాకీ గురించి, దాని మంచిచెడ్డల గురించి రాస్తున్నాను. పత్తో వడ్లో వేసుకుని రాత్రిళ్లు రోడ్డెక్కే వాళ్లు ఇది ఓపికగా చదవాలని నా కోరిక.

మాది పరకాల దగ్గరి పల్లె. ట్రాలీ నాలుగు చక్రాలది, పాతది. టైర్లు 7.50-16 సైజువి. మా పత్తితో పాటు వాడలో మరో నలుగురి పత్తిని ఏనుమాముల మార్కెట్‌కు చేరుస్తాను. తెల్లవారేసరికి మార్కెట్‌లో ఉండాలంటే అర్ధరాత్రి దాటాక బయలుదేరాలి. ఆ రోజు ట్రాలీలో ఇరవై రెండు క్వింటాళ్ల పత్తి ఉంది. గూడెప్పాడ్ ఇంకా రాలేదు, వెనక ఎడమ టైరు దిగిపోయింది. చూస్తే రబ్బరులో వేలెడంత ఇనుప ముక్క దిగి ఉంది.

బండిని ఎడమకు దించి ఆపాను. రోడ్డు పక్కన పైకి మొరం కనిపిస్తోంది, గట్టిగానే ఉంది. జాకీ తీసి ఇరుసు కింద పెట్టబోతే అది దూరలేదు. టైరులో గాలి పోయి ఇరుసు కిందికి వచ్చేసింది, జాకీ దానికంటే ఎత్తుగా ఉంది. అంతకుముందు పంక్చర్లన్నీ ఊళ్లోనో, పంక్చర్ షాపు ముందో అయ్యేవి. షాపులో వాళ్ల జాకీ ఉండేది కాబట్టి నాకు ఈ సంగతి ఎన్నడూ తెలిసిరాలేదు. పార కూడా తెచ్చుకోలేదు. వీల్ పానాతో, చేతులతో నేలను గీకి, జాకీ పట్టేంత గుంత చేశాం. ఆ గుంతలోనే పెట్టి కొట్టడం మొదలుపెట్టాను.

రాడ్డు కొడుతున్నాను, పిస్టన్ లేస్తోంది, ట్రాలీ మాత్రం లేవడం లేదు. "మామా, జాకీ కిందికి పోతోంది" అన్నాడు మేనల్లుడు. టార్చి వేసి చూస్తే జాకీ అడుగు సగం కనిపించడం లేదు. పైన ఉన్నది మొరం పొర మాత్రమే. మేము తవ్వి తీసింది ఆ పొరనే. కింద నల్లరేగడి, పక్కన చెరువు కింది పొలాల తేమ. గట్టి నేలను మా చేతులతో మేమే తీసేసి, జాకీని మెత్తటి మట్టిలో నిలబెట్టాం. అయినా ఇంకా కొట్టాను. టైరు నేల వదిలింది. నట్లు తీసేశాం. వాడు చక్రాన్ని బయటికి లాగుతూ ఒక చేతిని డ్రమ్ము పక్కన పెట్టాడు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి బొగ్గు లారీ ఒకటి వేగంగా పోయింది. నేల అదిరింది. జాకీ ఒక పక్కకు ఒరిగింది. ఇరుసు దాని తల మీద నుంచి రెండు వేళ్ల మేర జారడం నా కళ్లతో చూశాను. "చెయ్యి తియ్యి" అని అరిచాను. వాడు తీశాడు. ఒక్క క్షణం తర్వాత డ్రమ్ము నేలకు కొట్టుకుంది.

వాడికి ఇరవై ఏళ్లు. మా అక్కకు ఒక్కడే కొడుకు. ఆ రాత్రి మిగతాదంతా నాకు సరిగా గుర్తు లేదు. వెనక వచ్చిన ఒక లారీ డ్రైవరు ఆగి, తన బండిలోంచి మందపాటి చెక్క, ఇంకో జాకీ తెచ్చి, మాట మాట్లాడకుండా చక్రం మార్చి పెట్టి వెళ్లిపోయాడు. ఆయన చెక్కను నేల మీద పరిచి, కాలితో రెండుసార్లు తొక్కి చూసి, ఆ తర్వాతే జాకీ పెట్టడం మాత్రం ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తుంది.

ఇంటికి వచ్చాక మొదట చేసిన పని కొలవడం. ఖాళీ ట్రాలీని చదును నేల మీద నిలబెట్టి, టేపు పట్టుకుని కూర్చున్నాను. గాలి నిండుగా ఉన్నప్పుడు ఇరుసు అడుగు నుంచి నేలకు 34 సెంటీమీటర్లు. వాల్వులోని పిన్ను తీసి గాలి మొత్తం వదిలేశాను. అప్పుడు 21. నా పాత జాకీని పూర్తిగా దించి కొలిస్తే 23. ఆ రాత్రి జరిగినదంతా ఈ రెండు సెంటీమీటర్ల తేడా వల్లే జరిగింది. ఆ తేడా లేకపోతే గుంత తవ్వేవాళ్లం కాదు, గుంత తవ్వకపోతే జాకీ అంతగా దిగేది కాదు.

ఇంకో కొలత కూడా ఉంది, చాలామంది దాన్ని మరచిపోతారు. గాలి పోయిన టైరును తీయడానికి ఇరుసును కొద్దిగా లేపితే చాలు. కానీ ఎక్కించేది గాలి నిండిన స్టెప్నీ. అది పట్టాలంటే ఇంకా చాలా ఎత్తు కావాలి. నా ట్రాలీకి ఇరుసు అడుగు 38 సెంటీమీటర్ల దాకా లేస్తేనే స్టెప్నీ సులువుగా కూర్చుంటుంది. అంటే నాకు కావలసిన జాకీ 21లో దూరి 38కి లేవాలి. కింద చెక్క పెట్టాలనుకుంటే దాని మందం కూడా లెక్కలోకి వస్తుంది. 3 సెంటీమీటర్ల చెక్క వేస్తే జాకీ 18లోపు ముడుచుకోవాలి, 35కి తగ్గకుండా సాగాలి. ఈ రెండు అంకెలను చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఇక టన్నుల సంగతి. ట్రాలీ బరువు సుమారు పదిహేను క్వింటాళ్లు. నేను వేసే లోడ్లలో అన్నిటికంటే బరువైనది వడ్లు. నలభై కిలోల బస్తాలు తొంభై వేస్తే ముప్పై ఆరు క్వింటాళ్లు. మొత్తం యాభై ఒకటి. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదాని మీద పదమూడు క్వింటాళ్లు పడుతుంది. బస్తాలు వెనక్కి ఎక్కువ పేర్చామనుకున్నా పదిహేను, పదహారు. అంటే టన్నున్నర పైచిలుకు. మనం లేపేది ట్రాలీ మొత్తాన్ని కాదు, ఒక్క చక్రం మూలను. నాలుగు టన్నుల జాకీ ఉంటే రెట్టింపు కంటే ఎక్కువ బలం చేతిలో ఉన్నట్టే. పది టన్నులది, ఇరవై టన్నులది అంటూ పోయినకొద్దీ జాకీ లావవుతుంది, ఎత్తవుతుంది, అసలు చోట దూరకుండా పోతుంది.

చీటీ, టేపు పట్టుకుని వరంగల్‌కు వెళ్లాను. సామాన్ల దుకాణంలో సేటు అలవాటు కొద్దీ ఇరవై టన్నుల జాకీ తీసి కౌంటరు మీద పెట్టాడు. "ట్రాక్టరుకైతే ఇదే తీసుకోండి పటేలా, జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అన్నాడు. టేపు పెట్టాను. 24. పక్కన పెట్టమన్నాను. మరొకటి 20. అదీ వద్దన్నాను. "ముందు ఎత్తు చెప్పండి సేటూ, టన్నులు తర్వాత చూద్దాం" అంటే ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, లోపలికి వెళ్లి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. నాలుగు టన్నుల బాటిల్ జాకీ (సీసాలా నిలువుగా ఉండేది), రెండు దశల్లో సాగేది. ముడిచినప్పుడు 17. పూర్తిగా లేపిస్తే 41. ధర ₹2,800. సాధారణ పది టన్నుల జాకీ కంటే ఎక్కువే. బేరం ఆడలేదు.

అదే దుకాణంలో మిగతా రకాలను కూడా చూశాను. కారుకు వాడే కత్తెర జాకీ ట్రాలీ కోసం చేసింది కాదు, దాని జోలికి పోవద్దు. మర తిప్పే పాత పోత ఇనుప జాకీ నమ్మకమైనదే. నూనె కారడం, సీలు పోవడం అనే బాధ దానికి లేదు. కానీ ఎత్తెక్కువ, తిప్పితిప్పి చేతులు పడిపోతాయి. కింద చిన్న చక్రాలుండే జాకీ బాగా కిందికి దూరుతుంది, వర్క్‌షాపు గచ్చు మీద దానికి తిరుగులేదు. మట్టిలో మాత్రం దాని చక్రాలు దిగబడతాయి. బరువు మోసేకొద్దీ అది కొంచెం ముందుకు కదలాలి, మట్టిలో కదలలేక ఇరుసును పక్కకు లాగుతుంది. సైలెన్సర్ పొగతో ఉబ్బే సంచీ జాకీ గురించి మేనల్లుడు ఫోనులో చూపించాడు. మెత్తటి నేలకు మంచిదే, కానీ మన ట్రాక్టర్ల సైలెన్సర్లు ఎక్కువగా ఆకాశం వైపు చూస్తుంటాయి, ఆ గొట్టం తగిలించడం ఎలా?

కొన్న జాకీ గురించి వివరంగా చెబుతాను. రెండు దశలంటే లోపల ఒక పిస్టన్‌లో మరో పిస్టన్ ఉంటుంది. ముందు లావుపాటిది లేస్తుంది. అది చివరికి వచ్చాక సన్నది లేస్తుంది. ఆ మార్పు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. అప్పటిదాకా తేలిగ్గా ఆడిన రాడ్డు ఒక్కసారిగా బరువెక్కుతుంది, అదే సమయంలో ఒక్కో దెబ్బకు ఇరుసు లేచే ఎత్తు కూడా పెరుగుతుంది. ఒక్కో దెబ్బకు పిస్టన్ కిందికి చేరే నూనె అంతే, కానీ సన్నని గొట్టం కాబట్టి పిస్టన్ ఎక్కువ దూరం పోతుంది, అదే బరువును మోయడానికి ఒత్తిడి ఎక్కువ కావాలి. మొదటిసారి ఆ బరువు తగిలినప్పుడు ఏదో పట్టేసిందనుకుని ఆపేశాను. పట్టేయడం కాదు, దాని తీరే అంత.

రోడ్డు మీదికి తీసుకెళ్లే ముందు ఇంటి దగ్గరే పరీక్ష పెట్టాను. ట్రాలీలో ముప్పై బస్తాల వడ్లు ఉండగా వెనక మూలను లేపి, పిస్టన్ మీద సుద్దముక్కతో గీత గీసి వదిలేశాను. ఫ్రేము కింద జాగ్రత్తకు మొద్దు పెట్టాను. అరగంట తర్వాత గీత రెండు మిల్లీమీటర్లు కిందికి దిగింది. అది పర్వాలేదు. అరగంటలో వేలెడు దిగితే మాత్రం లోపల వాల్వో సీలో సరిగా లేనట్టు, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. కొన్న వారంలోపు ఈ పరీక్ష చేయకపోతే తర్వాత దుకాణం వాళ్లు ఒప్పుకోరు.

జాకీతో సమానంగా చెప్పవలసినది చెక్క గురించి. మా ఊరి వడ్రంగి దగ్గర తుమ్మ చెక్క చేయించాను. ముప్పై సెంటీమీటర్ల చదరం, మూడు సెంటీమీటర్ల మందం, చీలకుండా రెండు వైపులా ఇనుప పట్టీ, లాగడానికి మూలన తాడు. ₹150 తీసుకున్నాడు. పాత జాకీ అడుగు 11 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు. అంటే 110 చదరపు సెంటీమీటర్లు. ఆ రాత్రి దాని మీద పడ్డది పది క్వింటాళ్ల దాకా అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు మీద తొమ్మిది కిలోలు. తడిసిన రేగడి అంత బరువును ఎక్కడ ఆపుతుంది? అదే బరువు ఈ చెక్క మీద పడితే 900 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటుంది, ఒక్కోదాని మీద కిలో చిల్లర. మనిషి చెప్పులు లేకుండా నిలబడ్డప్పుడు పాదం కింద పడేది కూడా కిలోకు లోపే. బురదలో నడిచే రైతుకు ఈ తేడా వేరే చెప్పనక్కర్లేదు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్లాం. ట్రాలీలో వంటసామాను, బియ్యం, అమ్మవార్లకు మొక్కిన బంగారం (అంటే బెల్లం), ఇద్దరు ముసలివాళ్లు, పిల్లలు. పస్రా దాటాక ముందు ఎడమ టైరు పోయింది. ఒక పక్క బస్సుల వరుస, ఇంకో పక్క అడవి అంచు, ఇసుక కలిసిన మట్టి. అందరినీ దించి దూరంగా చెట్ల కిందికి పంపాను. ట్రాలీకి బ్రేకులు ఉండవు కాబట్టి ట్రాక్టరును గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాం. చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ అర తిప్పు వదులు చేశాం. లేపాక చేస్తే చక్రం తిరుగుతుంది, ట్రాలీ ఊగుతుంది. చెక్క వేసి కాలితో తొక్కి చూశాను. దాని మీద జాకీ, ఆపైన ఇరుసు. స్టెప్నీని ట్రాలీ ఫ్రేము కిందికి తోసి పడుకోబెట్టాను. జాకీ ఒరిగినా ట్రాలీ దాని మీద ఆగుతుంది, మనిషి మీద కాదు. పాత చక్రం బయటికి రాగానే దాన్ని కిందికి తోసి, స్టెప్నీ తీసుకున్నాం. పక్కన బస్సులు వరుసగా పోతూనే ఉన్నాయి, నేల అదురుతూనే ఉంది. చెక్క అంచు దగ్గర మట్టి వేలి మందం దిగింది, అంతే. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. చక్రం బిగించాక మేనల్లుడు జాకీని దించి, చేతులు తుడుచుకుంటూ, "ఇది కొన్న రోజే నేను సగం బతికాను మామా" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఆ తర్వాత యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్తూ ఒకసారి, వేరే వాళ్ల బండికి రెండుసార్లు వాడాను. ఒక్కసారి కూడా దూరకపోవడం గానీ, ఎత్తు చాలకపోవడం గానీ లేదు.

లోపాలు లేవని కాదు. రాడ్డు రెండు ముక్కలుగా ఇచ్చారు, కలిపితే నలభై అయిదు సెంటీమీటర్లు. ట్రాలీ అంచు దాటి బయటికి రాదు. మనిషి తల, భుజం ట్రాలీ కిందికి పెట్టి కొట్టవలసి వస్తుంది. ఇది చిన్న లోపం కాదు. జాకీ చేసినవాళ్లు ఒక్కసారైనా రోడ్డు మీద చక్రం మార్చి ఉంటే ఇలా చేయరు. నేను అదే లావు పైపుతో ఎనభై సెంటీమీటర్ల రాడ్డు చేయించుకున్నాను. పొడుగు రాడ్డు దూరంగా కూర్చోవడానికే, మోయలేని బరువును లేపడానికి కాదు, అది గుర్తుంచుకోవాలి. దించే వాల్వు కూడా మరీ వడిగా పనిచేస్తుంది. పావు తిప్పు తిప్పితే ట్రాలీ దభీమని పడుతుంది. గోరంత తిప్పి ఆగి, మళ్లీ గోరంత తిప్పాలి. ఇంకో సంగతి, రంగు ఆరు నెలల్లో పెచ్చులు లేచింది. రంగుతో నాకు పని లేదు. ఈ లోపాలన్నీ చెప్పాను కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. అదే కొలతల్లో వేరే కంపెనీలవీ దొరుకుతాయి, మీరు టేపునే నమ్మండి.

వాడకం గురించి కొంచెం. వాన, దుమ్ము పడితే పిస్టన్ మీద గీతలు పడి సీలు పాడవుతుంది. మా దగ్గర దుమ్ముకు తోడు పత్తి నూగు కూడా ఉంటుంది, నూనె తడికి అంటుకుపోతుంది. పని కాగానే పాత గుడ్డతో తుడిచి, పిస్టన్ పూర్తిగా దించి, నిలువుగానే పెడతాను. పెట్టెలో పడుకోబెడితే నూనె మూత దగ్గర్నుంచి కారుతుంది, లోపలికి గాలి చేరుతుంది. గాలి చేరినట్టు ఎలా తెలుస్తుందంటే, రాడ్డు కొడుతుంటే మెత్తగా, పట్టులేనట్టు ఉంటుంది. అప్పుడు దించే వాల్వు తెరిచి ఖాళీగా పది పదిహేనుసార్లు కొడితే సర్దుకుంటుంది. నూనె తగ్గితే జాకీకి వాడే హైడ్రాలిక్ నూనే పోయాలి. బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దు, సీళ్ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మా ఊళ్లో ఒకాయన అలాగే పోసి మంచి జాకీని చెడగొట్టుకున్నాడు.

రెండు చక్రాల టిప్పర్ ట్రాలీ ఉన్నవాళ్లు నా అంకెలను అలాగే తీసుకోవద్దు. అందులో బరువు చాలావరకు రెండు చక్రాల మీదే పడుతుంది, టైర్లు కూడా పెద్దవి, ఇరుసు ఎత్తులో ఉంటుంది. వాళ్లకు పది టన్నుల జాకీయే సరిపోవచ్చు. కానీ వాళ్లు కూడా గాలి వదిలి కొలవాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ ట్రాక్టరు నుంచి హుక్కు తీయకుండానే లేపాలి.

ఇంకొక్క మాట. ఎడమ చక్రం పోతే మట్టి భయం, కుడి చక్రం పోతే రోడ్డు భయం. కుడి చక్రం మారుస్తున్న మనిషి వీపు వాహనాల వైపు ఉంటుంది. పత్తి ట్రాలీల వెనక లైట్లు ఉండవు, ఉన్నా పత్తి కిందికి వేలాడి కప్పేస్తుంది. నా ట్రాలీ వెనక తలుపుకు, రెండు పక్కలకు రేడియం స్టిక్కర్లు వేయించాను. చక్రం మార్చేటప్పుడు ఒకరిని టార్చితో వెనక బాగా దూరంలో నిలబెడతాను. ఒంటరిగా ఉంటే కుడి చక్రం జోలికి పోను. నెమ్మదిగా రోడ్డు దిగి, టైరు పాడైనా సరే, వెడల్పు చోటు దాకా లాక్కెళ్తాను. టైరు మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇప్పుడు ఊళ్లో ఎవరి టైరు పోయినా మా ఇంటికే వస్తున్నారు. జాకీ అడిగితే ఇస్తాను. కానీ చెక్క తాడును జాకీ పిడికి ముడి వేసి ఉంచాను. విడిగా ఇమ్మంటే ఇవ్వను. మొన్న ఒకాయన చెక్క బరువని ముడి విప్పబోతే, మేనల్లుడే వెళ్లి మళ్లీ కట్టి చేతికిచ్చాడు.